చలికి మేత ముట్టని జీవాలు

నాగేశ్వర బావకు,

నీ ఈశ్వరి నమస్కారాలు. ఇక్కడ అత్తా నేనూ బాగున్నాం. ఎండ కాస్తుండడంతో అత్త మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. ఆ మంచుకొండల మీద నువ్వూ, నీతో ఉన్నవాళ్లూ క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. ‘అందరం బాగున్నాం’ అన్న మాట పోయిన జాబులో అలవాటు కొద్దీ రాశాను. ఈసారి నిజంగానే రాస్తున్నాను.

నీ జాబు చేరిన రోజే జవాబు రాద్దామని కూర్చున్నాను. చెప్పవలసింది చాలా ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాగితం మడిచి పెట్టేశాను. ఫోన్లో నీ మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. పైగా అత్త నా భుజం మీద గడ్డం ఆనించి “ఏమంటాండాడు? అన్నం తిన్యాడంటనా?” అని అడుగుతూనే ఉంటుంది. అందుకే ఇవన్నీ కాగితం మీద చెప్తున్నాను. డ్యూటీ దిగాక తీరిగ్గా చదువుకో.

వాన సంగతి అడిగావు. శెనక్కాయ పైరు మీద ఉన్నన్నాళ్లూ చుక్క రాల్చని మబ్బు, పంట పీకి కుప్పలేశాక తుఫాను పేరు చెప్పి ముసురు పట్టింది. డిసెంబరులో వారం పైనే సూర్యుడు కనబడలేదు. వంక పారిందనుకునేవు, పారలేదు, తడిసింది, అంతే. యాడికి ఊరి నుంచి మా నాయన వచ్చి ఒక పూట ఉండి పోయాడు. కంటి ఆపరేషను బాగా కుదిరింది. దూరాన వచ్చేది మనిషో మేకో ఇప్పుడు చెప్పగలనని గొప్పలు పోతున్నాడు. తిప్పయ్య మామ చీనీ తోట ఎట్లుందని అడిగావు. చెట్లు బతికే ఉన్నాయి, పూత మీద ఉన్నాయి. అవి ఈ పూత చూస్తాయని పోయిన నెల మాత్రం మేమెవరమూ అనుకోలేదు. ఆ కథంతా చెప్తాను.

నువ్వడిగిన ఇంకో ప్రశ్న చూసి నవ్వొచ్చింది. మీ పోస్టు దగ్గర పెట్టిన కొత్తరకం మరుగుదొడ్డి తొట్టి వేసవిలో బాగానే ఉండి, చలి ముదిరేసరికి ఎందుకు మొండికేస్తుందో నీ పెళ్లాం చెప్పగలదని మీవాళ్లతో పందెం కాశావట. గెలిచావులే. తొట్టిలో పడినదాన్ని అరిగించేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. వాటికి గాలి అక్కర్లేదు, వెచ్చదనం కావాలి. చలికాలంలో పాలు తోడుపెట్టి గిన్నెను పొయ్యి పక్కన పెట్టమా, అదే లెక్క. మీ దగ్గర గడ్డకట్టే చలి. అన్నీ చావవు, ముడుచుకొని పడుకుంటాయి. తొట్టి చుట్టూ వెచ్చగా ఏదైనా కప్పించండి. లేదంటే వేసవి దాకా ఓపిక పట్టండి. ఇవన్నీ నేను కాలేజీలో చదువుకున్నవే. కానీ నిజంగా అర్థమైంది ఈ చలికాలంలోనే.

నేను పనిచేసే చోటును నువ్వు గేటు బయటినుంచే చూశావు. లోపల ఏం జరుగుతుందో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. టౌను మురుగునీళ్లన్నీ మా ప్లాంటుకు వస్తాయి. శుభ్రం చేసిన నీళ్లు కాలువగుండా మన ఊరి తోటలకు పోతాయి. అడుగున మిగిలిన చిక్కటి మురుగు బురదను గాలి చొరబడని పెద్ద ట్యాంకులోకి పంపుతాం. దాని పేరు డైజెస్టరు. మా వాళ్లెవరూ ఆ పేరు పలకరు. ‘అండా’ అంటారు. స్నానానికి నీళ్లు కాచే అండాలా ఉంటుందని. లోపల ముప్పయ్యారు, ముప్పయ్యేడు డిగ్రీల వెచ్చదనం నిలకడగా ఉంటే, అందులోని సూక్ష్మజీవులు బురదను అరిగించి గ్యాసు చేస్తాయి. ఆ గ్యాసుతోనే బాయిలరు వెలిగించి, వేడినీళ్లతో ఆ అండానే వెచ్చగా ఉంచుతాం. తన వంటకు తానే కట్టెలు తెచ్చుకునే ఇల్లాలు లాంటిదది. అరిగిపోయిన బురద ఎండాక నల్లటి ఎరువవుతుంది, వాసన ఉండదు. తిప్పయ్య మామ చెట్ల మొదళ్లలో వేసేది అదే.

ఆ ముసురు రోజుల్లో వాననీళ్లు మురుగులో కలిసి, బురద పలచగా, చల్లగా వచ్చింది. సరిగ్గా అప్పుడే వేడినీళ్లు తిప్పే పంపు కాలిపోయింది. కొత్తది రావడానికి ఆలస్యమైంది. చల్లటి బురద లోపలికి పోతూనే ఉంది, వేడి మాత్రం అందడం లేదు. నేను రోజూ చూస్తుండగానే ముప్పయ్యారు కాస్తా ముప్పయికి, అక్కణ్ణించి ఇరవయ్యేడుకు దిగిపోయింది. పంపు వచ్చి బిగించేసరికి గ్యాసు సన్నగిల్లింది. వచ్చిన కొంచెం గ్యాసు కూడా మండదు. వెలిగిస్తే భగ్గుమని ఆరిపోతుంది. అర్థమైంది కదా బావా? గ్యాసు లేనిదే వేడి లేదు, వేడి లేనిదే గ్యాసు లేదు. సగం అరిగిన బురద బయటికొచ్చి కంపు మొదలైంది.

ఆ కంపు ఎట్లాంటిదో నీకు రాయలేను. గాలి మన ఊరివైపు తిరిగినప్పుడు జనం తలుపులేసుకునేవాళ్లు. బడిలో పిల్లలు మధ్యాహ్నం అన్నం పళ్లెం పట్టుకొని దూరంగా గట్టు మీదికి పోయి తినేవాళ్లు. కొళాయి దగ్గర ఆడవాళ్లు అత్తను పట్టుకొని “మీ కోడలు పెంట ఉడకబెడతాదంట కదా, సరిగా ఉడకల్యాదేమో చూడమను” అని నవ్వినారట. అత్త ఆరోజు నాతో మాట మానేసింది. పోయిన జాబులో ‘అందరం బాగున్నాం’ అని రాసింది ఆ రోజుల్లోనే. నువ్వు అంత దూరాన ఉండి ఏం చేయగలవని రాయలేదు.

ఒక సాయంత్రం అండా పైమూత పక్కనుంచి నురగ పొంగింది. వాల్వు మూయబోతే నెత్తి మీదినుంచి పడింది. స్కూటీ మీద ఇంటికొస్తుంటే దారిలో ఎదురైనవాళ్లు తప్పుకొని నిలబడ్డారు. ఏడుపు ఆపుకుంటూ వాకిట్లో బండి ఆపాను. అత్త నా వైపు చూసింది.  లేచిపోయి పొయ్యి మంట ఎగదోసింది. స్నానాల గదిలో కాగిన నీళ్లు, కొత్త సబ్బు, తన ఉతికిన చీర పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి సంకటి ముద్ద నా పళ్లెంలో పెట్టి ఊరిబిండి పచ్చడి కూడా తానే వేసింది. మాట మాత్రం లేదు. నాకు కొండంత ధైర్యం వచ్చింది.

అయితే అత్త గురించి నీకు తెలియనిదేముంది. సబ్బు పెట్టిన చేయి వేరు, పట్టిన పంతం వేరు. రెండ్రోజులకు నేను పనికి పోతుంటే ప్లాంటు దారిలో మన ఊరి ఆడవాళ్లు అడ్డంగా కూర్చుని ఉన్నారు. వాళ్ల వెనక మగవాళ్లు నిలబడ్డారు. ముందు వరసలో నడిమధ్య అత్త, మోకాలు నొప్పని పీట వేసుకొని మరీ కూర్చుంది.

“అత్తా, దావ ఇడువు. నేను పనికి పోవల్ల.”

“పో. నా మీదెక్కిచ్చి పో.”

“ఇంట్లో ఒక్క మాట మాట్లాడకుండా ఈడొచ్చి కూసుంటే ఎట్లా?”

“ఇంట్లో నువ్వు నా కోడలివి, మా అన్న కూతురివి. ఈడ నువ్వు ప్లాంటు మనిషివి. నాకు ప్లాంటు మనిషితోనే పని. పిల్లోళ్లు ముక్కు మూసుకోని అన్నం తింటాండారు. నీకు తెల్దా?”

నాకు తెలుసు.  ఇంతలో మా సూపర్వైజరు హుస్సేన్ పీరా సారు గేటు తీసుకొని వచ్చాడు. ఆయన గురించి నీకు చెప్పాను గదా, ఈ ప్లాంటు పునాది తవ్వినప్పటినుంచీ ఉన్న మనిషి. గొంతు పెంచకుండా అత్తతో “బయమ్మక్కా, మీరు చెప్పేది నిజమే. కంపొస్తాండాది. మేం కాదనం” అన్నాడు.

“ఒప్పుకుంటే మూసేయండప్పా!” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

వెంటనే తిప్పయ్య మామ తువ్వాలు దులుపుకుంటూ ముందుకొచ్చాడు. “మూస్తే నా చెట్లకు నీళ్లు నువ్వు మోస్తావా? బోర్లన్నీ ఎండిపోయి, ఈ నీళ్ల మీదనే గదా తోటలుండేది! మూసినాక ఆ మురుగు యాడికి పోతాది? మన వంకలోకే!”

“నీ చెట్ల కోసం మా పిల్లోళ్లు సావల్లనా?”

మాటకు మాట పెరిగింది. తిప్పయ్య మామ చొక్కా ఎవరో పట్టుకున్నారు.  ఎవరిది తప్పని చెప్పను? వాసన భరించలేనివాళ్లదీ న్యాయమే, నీళ్లు లేక బతకలేనివాళ్లదీ న్యాయమే. అత్త చేయి పట్టుకున్నాను.

“అత్తా, ఒక్కసారి లోపలికి రా. చూసినాక నువ్వేం చెప్తే అది.”

రాదనుకున్నాను. పీట చంకన పెట్టుకొని లేచింది.

అండాలోని బురద బయటికొచ్చి మళ్లీ లోపలికి తిరిగే ఇనుప పైపు ఒకటుంది. దాని మీద అత్త అరచేయి పెట్టించాను.

“సల్లగుండాది. అయితే ఏమి?”

“ఇది ఒంటి మాదిరి వెచ్చగుండల్ల. దీంట్లో జీవాలుండాయత్తా.”

అత్త ఉలిక్కిపడి చేయి వెనక్కి లాక్కుంది. “జీవాలా? ఏ పాపిష్టోడు తోలినాడే లోపలికి?”

అత్తకు జీవాలంటే గొర్రెలూ మేకలే కదా. హుస్సేన్ పీరా సారు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. అన్నాళ్ల తర్వాత నాకూ నవ్వొచ్చింది.

“కంటికి కనపడనివి అత్తా. రెండు మందలనుకో. మొదటి మంద బురదను మేసి పుల్లటి రసం చేస్తాది. రెండో మంద ఆ రసం తాగి గ్యాసు ఇడుస్తాది. మొదటి మంద మొండిది, సలిలో కూడా మేస్తానే ఉంటాది. రెండో మందకు సలి పడదు. మేత ముట్టదు. అందుకే రసం అట్లే నిలబడిపోయి, లోపలంతా పుల్లబడిపోయింది. ఆ పులుపులో రెండో మంద ఇంకా నీరసపడిపోతాది. కంపు దానివల్లనే.”

అత్త మళ్లీ పైపు మీద చేయి పెట్టింది. ఈసారి తీయలేదు. “మా నాయన మందలో పిల్లలు ముసురుకు తడిస్తే ఇట్లే” అంది. “నోటికాడ ఆకు పెట్టినా మూతి తిప్పుకుంటాయి. నెగడేసి కాపల్ల. మరి మీరు నెగడు ఎయ్యకుండా ఏం చేస్తాండారు?”

“నెగడుకు గ్యాసు కావల్ల. గ్యాసు ఇచ్చేది ఆ మందే.”

“అయితే వేరే నిప్పు తేండి!”

అదే మాట మేమూ అనుకుంటూ ఉన్నాం, దారి దొరకలేదంతే. తనకల్లులో హుస్సేన్ పీరా సారు బామ్మర్దికి పట్టు తీసే షెడ్డు ఉండేది. పట్టుగూళ్లు ఉడకబెట్టే బాయిలరు అక్కడ వాడకుండా పడి ఉంది. గ్యాసు అక్కర్లేదు, పొట్టుతో మండుతుంది. అయితే పగలూ రాత్రీ మండించడానికి అంత పొట్టు ఎక్కడిది? సారు అత్తతో ఈ మాట చెప్పేసరికి ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది.

“శెనక్కాయ పండే ఊర్లో నిలబడి పొట్టు యాడిదంటావేమప్పా? కాయలు ఆడిచ్చిన పొట్టు ఇండ్లెనక గుట్టలు గుట్టలుండాది.”

బయటికొచ్చి అందరి ముందు చెప్పేసింది. “పొట్టు మనమిస్తాం. కంపు పోయేదాకా బయటి ఊర్ల మురుగు తెచ్చే ట్యాంకర్లు ఈ దావన రాగూడదు. పోకపోతే గేటుకు తాళం మనమే ఏస్తాం.” తర్వాత నా వైపు తిరిగి “ఏం ప్లాంటు మనిషీ, ఒప్పుకుంటావా?” అంది.

“కంపు పోకపోతే తాళం నేనే తెచ్చిస్తానత్తా” అన్నాను. 

బాయిలరు లారీలో వచ్చింది. పైపులు కలిపాం. ఎద్దుల బండ్ల మీద, ఆటోల్లో, ట్రాక్టర్లలో గోతాలకు గోతాలు పొట్టు దిగింది. తిప్పయ్య మామ తన గోబర్‌గ్యాసు గుంతలోంచి అరిగిన పేడనీళ్లు డ్రమ్ముల్లో తెచ్చాడు. మన మందకు అవి చుట్టాలే, తోడుకు పనికొస్తాయి. లోపలికి కొత్త బురద పంపడం ఆపేశాం. వచ్చినదాన్ని ఆరబెట్టే మడుల్లో పరిచి సున్నం చల్లాం. పులుపు విరగడానికి అండాలో కూడా సున్నపునీళ్లు కొద్దికొద్దిగా కలిపాం.

వేడి మాత్రం తొందరపడి పెంచలేదు. రోజుకు ఒక డిగ్రీ, అంతకు మించి కాదు. ఇక్కడే నాకు అసలు పరీక్ష ఎదురైంది. టౌను నుంచి జయచంద్ర అని కొత్త ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్థుడే. పైనుంచి ఆయనకు ఒత్తిడి ఎక్కువగా ఉంది. “ఈశ్వరిగారూ, వేడి పెంచితే పని వేగంగా జరుగుతుంది కదా. యాభై అయిదు డిగ్రీల్లో నడిపే ప్లాంట్లు నేను చూశాను. మనమూ ఒకేసారి పెంచేస్తే?” అన్నాడు.

“మీరు చెప్పింది నిజమే సార్. ఆ వేడిలో పనిచేసేవి కూడా ఉన్నాయి. కానీ అవి వేరే రకం, మన అండాలో సరిపడా లేవు. వాటిని పెంచుకోవడానికి నెలలు పడుతుంది. మన దగ్గరున్నవి ఇప్పటికే చలి దెబ్బ తిని ఉన్నాయి. ఒకేసారి వేడి పెంచితే ఇవి పోతాయి, అవి రావు.”

“నిదానంగా పెంచితే లేస్తాయని నమ్మకమేనా?”

నమ్మకమేనని చెప్పలేకపోయాను. “లేస్తాయనే అనుకుంటున్నాను సార్” అన్నాను.  ఆయన ఫోన్ తీసి ట్యాంకర్లన్నీ ఇంకో ప్లాంటుకు మళ్లించమని చెప్పాడు. పై అధికారులకు ఏం చెప్పుకున్నాడో గానీ, మళ్లీ మమ్మల్ని తొందర పెట్టలేదు.

ఆ రోజుల్లో నాకు తిండి సయించలేదు బావా. ముప్పయి డిగ్రీలు వచ్చింది, ఏమీ కాలేదు. ముప్పయి రెండు వచ్చింది, ఏమీ కాలేదు. ఊరివాళ్లు దారిలో ఆపి “లేసినాయా మీ జీవాలు?” అని అడిగేవాళ్లు. కొందరు ఎగతాళికి, కొందరు నిజంగానే. అత్త మాత్రం అడగలేదు. రోజూ పొద్దున సద్దిమూట పట్టుకొని నాతోపాటు స్కూటీ ఎక్కి ప్లాంటుకొచ్చేది. బాయిలరు పక్కన పీట వేసుకొని, తడి పొట్టు వేస్తే పొగ చిమ్ముతుందని గోతాలన్నీ విప్పి ఎండలో ఆరబోయించేది. అక్కడి కూలీలకు అత్తంటే హడలు.

ముప్పయి నాలుగు దాటిన మర్నాడు నా పరీక్షలో పులుపు తగ్గినట్టు కనబడింది. నమ్మలేక మళ్లీ చేశాను. మళ్లీ అదే వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఇంకో రెండ్రోజులకు అండా పైన గ్యాసు డోము కొద్దిగా లేచింది. ఆ సాయంత్రం పొద్దుగూకే వేళ హుస్సేన్ పీరా సారు “బిస్మిల్లా” అని గొట్టం దగ్గర మంట పెట్టాడు. భగ్గుమంది.  ఆరిపోతుందనుకున్నాం. ఆరలేదు. పసుపుగా ఊగి, సన్నబడి, నీలంగా నిలబడింది.

 అత్త లేచి పైపు దగ్గరికి కుంటుకుంటూ పోయి అరచేయి పెట్టి చూసింది.

“మేత ముట్టినాయి” అంది.

నేను ఏడ్చేశాను. అంతమంది మగవాళ్ల ముందు, సిగ్గు లేకుండా. “ఏందే ఇది, మంద లేసినప్పుడు ఏడుస్తారా ఎవురన్నా!” అంటూ అత్త కొంగుతో నా ముఖం తుడిచింది. ఆ కొంగు నిండా పొట్టు దుమ్మే. ఇద్దరం మసి బొమ్మల్లా ఇంటికొచ్చాం.

ఇప్పుడు అండా తన గ్యాసుతో తానే కాగుతోంది. తనకల్లు బాయిలరును తిరిగి పంపలేదు. వచ్చే చలికాలానికి కూడా ఉంచుకోమని ఆ బామ్మర్ది చెప్పాడట. పంపు ఇంకొకటి అదనంగా తెప్పించాడు జయచంద్ర సారు. కంపు పూర్తిగా పోయిందని చెప్పను. గేటు దగ్గర కొంచెం ఉంటుంది, అది ఎప్పుడూ ఉండేదే. పిల్లలు బడి వసారాలోనే కూర్చుని తింటున్నారు. రాత్రి తలుపులు తీసిపెడితే చీనీ పూల వాసన వస్తుంది. తిప్పయ్య మామ మనింటికి ఓ బుట్టెడు కాయలు పంపిస్తానన్నాడు, కాయ దిగాక.

బావా, ఇంతసేపూ చెప్పింది జరిగినది. చెప్పవలసింది ఇంకొకటి ఉంది. నీ జాబు చివర రెండు వాక్యాలున్నాయి. వాటి జోలికి పోకుండా ఇన్ని కాగితాలు నింపాను. జూన్‌లో నీకు కుటుంబాన్ని వెంట ఉంచుకోగల దూరపు కంటోన్మెంటుకు బదిలీ అవుతుందని, క్వార్టర్సు ఖాయమైందని, ఉద్యోగం మానేసి సామాన్లు సర్దుకొమ్మని రాశావు. చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. సెలవుల్లో వచ్చిపోయిన రోజులు తప్ప మనకు కాపురమంటూ ఎక్కడుంది? నువ్వు ఇంట్లో చెప్పులు విడిచే చప్పుడు వినాలని నాకూ ఉంది. ఆ జాబును దిండు కింద పెట్టుకొని పడుకున్నాను.

మర్నాడు హుస్సేన్ పీరా సారు పిలిచాడు. మార్చి ఆఖరుకు ఆయన రిటైరు అవుతున్నాడు. అండా బాధ్యత నాకు అప్పగించమని రాసి పంపితే పైవాళ్లు ఒప్పుకున్నారట. “నువ్వు లేకుంటే నేను నెమ్మదిగా ఇంటికి పోలేనమ్మా” అన్నాడు. ఆలోచించుకొని చెప్తానని వచ్చేశాను.

నిన్న అత్తా నేనూ శెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. ఉన్నట్టుండి “నాగేసు సామాన్లు సర్దుకోమన్యాడు గదా?” అని అడిగింది. ఔనన్నాను. “పీరా ఉండమన్యాడు గదా?” దానికీ ఔనన్నాను. ఎవరు చెప్పారో అడగలేదు, ఈ ఊళ్లో దాగేదేముంది.

“వాడు రమ్మన్యాడు, పీరా ఉండమన్యాడు. సరే. నీకేం కావల్లే?”

ఆ మాట నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు బావా. చదువు మాన్పించినప్పుడు అడగలేదు, మళ్లీ చేర్పించినప్పుడు అడగలేదు, మన పెళ్లప్పుడు అడగలేదు. ఇన్నాళ్లూ నన్ను నేనైనా అడుక్కోలేదు. ఆలోచించకముందే నోట్లోంచి మాట వచ్చేసింది.

“ఈడనే ఉండాలనుంది అత్తా.”

అని భయపడ్డాను. ఏడుస్తుందేమో, తిడుతుందేమోనని. అత్త చేటలో కాయలు ఎగరేసి, పొట్టు ఊది, “ఆ మాట వానికి నువ్వే రాయి. నేను చెప్తే నా మీద ఎగురుతాడు” అంది.

అందుకే రాస్తున్నాను. నీ దగ్గరికి రావాలని లేక కాదు, ఆ మాట మాత్రం అనుకోకు. వేసవిలో అండాకు నా అవసరం తక్కువ. మన ఎండలకు అదే వెచ్చగా ఉంటుంది. వానాకాలంలో కూడా మనుషులకు నేర్పి పెడితే కొంతకాలం నడుపుకోగలరు. సెలవు పెట్టి ఆ నెలలు నీ దగ్గర ఉంటాను. చలి మొదలయ్యేముందు తిరిగొస్తాను. వచ్చేటప్పుడు అత్తను కూడా తీసుకొస్తాను. నీ క్వార్టర్సులో పొయ్యి ఎక్కడ పెట్టాలో ఇప్పటినుంచే చెప్తోంది. ఇది సగం కాపురమే, నాకు తెలుసు. ఇన్నాళ్లూ మనం చేసింది అందులో పావు వంతు కూడా లేదు.

రెండేళ్ల కిందట నువ్వు సర్వీసు పొడిగించుకున్నప్పుడు నన్ను అడగలేదు. సంతకం పెట్టిన తర్వాత చెప్పావు. ఆరోజంతా ఏడ్చాను, తర్వాత అర్థం చేసుకున్నాను. ఆ కోపం ఇప్పుడు తీర్చుకోవడం లేదు. నేనింకా సంతకం పెట్టలేదు. సంతకం పెట్టాక చెప్పడం ఎట్లుంటుందో నాకు తెలుసు గనుక, ముందు నిన్ను అడుగుతున్నాను. నా ఇష్టమేమిటో దాచకుండా చెప్పాను. నీ ఇష్టమేమిటో నువ్వూ దాచకుండా రాయి. కోపమొస్తే కోపంగానే రాయి. ఇద్దరి ఇష్టాలూ ఎదురెదురుగా పెట్టుకొని మాట్లాడుకోవడం మనకు ఇదే మొదటిసారి. నాకు భయంగానే ఉంది. కానీ బాగుంది బావా.

ఇట్లు,
నీ జాబుకు ఎదురుచూసే
నీ మామ కూతురు,
ఈశ్వరి